నల్లరేగడి నేలలో పాత ఇటుకల దారి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మా మామగారు 1960ల్లో కట్టిన పెంకుటింటిని పోయినేడు విప్పేసి, అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టుకున్నాం. పాత ఇటుకలు సుమారు 1500 పెరట్లో పేర్చి ఉంచాం. వాటితో గేటు నుంచి అరుగు దాకా 20 అడుగులు, అక్కణ్ణుంచి ఇంటి పక్క సందులోంచి పెరట్లో తులసికోట దాకా మరో 30 అడుగులు దారి వేయించాలని నా కోరిక. మేస్త్రి ఏమో కింద కాంక్రీటు పోసి, దానిమీద సిమెంటుతో ఇటుకలు అతికిద్దాం అంటున్నాడు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఆ పాత ఇటుకలు ఎవరికైనా ఇచ్చేసి పేవర్ బ్లాకులు వేయించమంటున్నాడు. మా అత్తయ్యగారికి 82 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున చేతికర్రతో తులసికోట దగ్గరికి వెళ్తారు. వానాకాలం పాచి పట్టి ఎక్కడ జారిపడతారోనని నాకు టెన్షన్. సందు చివర పెద్ద మామిడి చెట్టు ఉంది. మాది నల్లరేగడి నేల. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి మాటతోనే మొదలుపెడతాను. నల్లరేగడి అని మీరు రాయకపోయి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

నల్లరేగడి వానకి నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఎండకి ఆరి కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. మే నెలలో చేలల్లో పాదం దిగేంత నెర్రెలు మీరు చూసే ఉంటారు. చేలో జరిగేదే మీ పెరట్లోనూ జరుగుతుంది. ఆ నేల మీద ఏది పరిచినా ఏటా కాస్త లేస్తుంది, మళ్లీ కాస్త దిగుతుంది. ఇల్లయితే లోతైన పునాది మీద నిలబడి ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. దారికి ఆ పునాది ఉండదు. మూడు నాలుగు అంగుళాల మందం ఉన్న కాంక్రీటు పలక ఆ కదలికని ఆపలేదు, దాంతోపాటు వంగనూ లేదు. అందుకే పగులుతుంది.

కాబట్టి పాత ఇటుకలే వాడండి. సిమెంటుతో మాత్రం అతికించొద్దు. దిమ్మిసతో (నేలని కొట్టి గట్టిపరిచే బరువైన సాధనం) బాగా కొట్టిన గ్రావెల్ మీద ఇసుక పరిచి, ఆ ఇసుక మీద ఇటుకలు పేర్పించండి. నేల కదిలినప్పుడు దారి కూడా కొద్దిగా కదులుతుంది, కానీ విరగదు. ఎక్కడైనా కుంగితే అక్కడి ఇటుకలు తీసి, కింద ఇసుక సర్ది, మళ్లీ అవే పెట్టుకోవచ్చు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. గుంటూరులో మా ఇంటి ముందు నేనూ మొదట కాంక్రీటు మీద సిమెంటుతోనే ఇటుకలు వేయించాను. వేసిన నెలలో ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. మొదటి వేసవికే వెంట్రుక సన్నాన ఒక బీట కనిపించింది. రెండో వానాకాలానికి దారి మధ్యలో ఉబ్బి, ఆ బీట వేలు పట్టేంత అయింది. విప్పి మళ్లీ వేయిద్దామంటే సిమెంటు ఇటుకల్ని వదల్లేదు. గునపం వేస్తే ఇటుకలే ముక్కలయ్యాయి. మా నాన్నగారి కాలంనాటి ఇటుకలవి. ఒక్కటి కూడా తిరిగి వాడుకోవడానికి రాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీ మామగారి ఇటుకలకి అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. రెండోసారి కొత్త ఇటుకలు తెచ్చి ఇసుక మీద వేయించాం. ఆ తర్వాత ఒకసారి కింద నీళ్ల పైపు లీకైతే ఇరవై ఇటుకలు తీసి, పైపు బాగుచేసి, సాయంత్రానికి మళ్లీ పెట్టేశారు. ఎక్కడ తవ్వారో ఇప్పుడు చూపించమంటే నేను కూడా చూపించలేను.

సిమెంటు లేకపోతే ఇటుకలు నిలుస్తాయా అని మేస్త్రి తప్పకుండా అడుగుతాడు. బంగ్లాదేశ్‌లో చాలా చోట్ల రాయి దొరకదు. అక్కడి పల్లెల్లో ఇసుక మీద ఇటుకల్ని చేపముల్లు అల్లికలో, అంటే చేప ఎముకల్లా ఒకదానికొకటి ఏటవాలుగా పేర్చి రోడ్లే వేశారు. వాటి మీద బళ్లు నడుస్తున్నాయి. ఇటుకల్ని కదలకుండా పట్టి ఉంచేది మధ్యలో బిగిసిన ఇసుక, రెండు పక్కలా ఉండే గట్టి అంచు, కింద గట్టిపడిన గ్రావెల్. ఈ మూడూ సరిగ్గా కుదిరితే సిమెంటు అవసరం రాదు.

అలాగని మేస్త్రి మాట మొత్తం తీసిపారేయకండి. ఇంటి గోడను ఆనుకుని రెండు మూడడుగుల వెడల్పున సిమెంటు అప్రాన్ (గచ్చు) వేస్తానంటే ఒప్పుకోండి. నల్లరేగడిలో గోడ పక్కన నీళ్లు ఇంకడం పునాదికి మంచిది కాదు. అక్కడ నీళ్లు దిగని సిమెంటే సరైనది. అది బయటికి వాలుగా ఉండాలి. అది ఎప్పుడైనా పగిలినా బీటలు పూడ్చుకుంటే సరిపోతుంది. ఇటుకల దారి ఆ అప్రాన్ అంచు నుంచి మొదలవ్వాలి.

మీ అబ్బాయి చెప్పిన పేవర్ బ్లాకుల్లోనూ తప్పేమీ లేదు. కొలతలన్నీ ఒకేలా ఉంటాయి, పని త్వరగా అవుతుంది. గేటు లోపల కారు పెట్టే చోటుంటే అక్కడికి అవే మేలు, మందం మాత్రం 60 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కానీ వాటినీ ఇలాగే గ్రావెల్, ఇసుకల మీదే వేయాలి. అంటే కింద చేయాల్సిన పని రెండింటికీ ఒకటే. అలాంటప్పుడు, మనుషులు మాత్రమే నడిచే దారికి ఇంట్లో ఉన్న ఇటుకల్ని బయటికి పంపి బ్లాకులు కొనాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. మీ అబ్బాయి చలి దేశాల వీడియోలు చూపిస్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అక్కడ వాళ్లు అంత లోతు తవ్వేది చలికాలంలో మట్టిలోని నీరు గడ్డకట్టి దారిని ఎత్తేస్తుందని. మనకి గడ్డకట్టే బెడద లేదు, ఉబ్బే మట్టి బెడద ఉంది. వాళ్ల కొలతలు మనకి పనికిరావు.

ఇక ఇటుకల సంగతి. 1960ల్లో కట్టిన ఇల్లంటే ఇటుకల మధ్య గానుగ సున్నమో, మట్టో ఉండే అవకాశం ఎక్కువ. అది మీ అదృష్టం. పాత తాపీతో గీకితే ఊడి వచ్చేస్తుంది. గీకేవాళ్లని ముక్కుకి మాస్క్ పెట్టుకోమనండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

అయితే అరవై ఏళ్లు గోడలో నిలిచింది కదా అని ప్రతి ఇటుకా దారికి పనికొస్తుందనుకోకండి. గోడలో ఉన్న ఇటుక పూత వెనకాల పొడిగా ఉంటుంది. మీ దగ్గర్లోనే చేజర్లలో కపోతేశ్వరాలయం ఉంది కదా, అన్ని వందల ఏళ్ల కిందటి ఇటుక కట్టడం. నిలువుగా, నీడలో, పూత కింద ఉంటే ఇటుక అంతకాలం ఉంటుంది. నేల మీద పరిచినప్పుడు మాత్రం కింద తడి, పైన ఎండ, మీద కాళ్ల రాపిడి. సరిగ్గా కాలని ఇటుక రెండు వానాకాలాల్లో పొడి రాలడం మొదలుపెడుతుంది. ఇటుక తేలికగా ఉంటే మంచిదని కొందరు రామప్ప గుడి ఇటుకల్ని చూపిస్తారు. నీళ్లలో తేలే ఆ ఇటుకల్ని వాడింది గోపురం బరువు తగ్గించడానికి. కాళ్ల కింద వేసే ఇటుక బరువుగా, గట్టిగా ఉండాలి.

ఏరడం కష్టమేం కాదు. రెండు ఇటుకలు చేతుల్లోకి తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఖంగుమని మోగితే బాగా కాలినట్టు. మొద్దుగా చప్పుడొస్తే పక్కన పెట్టండి. మేకుతో గీస్తే లోతుగా గీత పడకూడదు. అనుమానం ఉన్నవాటిని నీళ్లతో పరీక్షించండి. ఎండలో బాగా ఆరిన ఇటుకని కిరాణా కాటా మీద తూచి, ఒక రోజంతా నీళ్ల తొట్టిలో ముంచి, తీసి తుడిచి మళ్లీ తూచండి. మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీళ్లు తాగకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క. అంటే మూడు కిలోల ఇటుక 3.6 కిలోలు దాటకూడదు. దారికి నేనైతే ఇంకా గట్టిగా ఉంటాను. 450 గ్రాములకంటే ఎక్కువ తాగినదాన్ని పక్కన పెడతాను. తీసేసినవాటిని పారేయొద్దు. మొక్కల పాదుల చుట్టూ, కుండీల కింద వాడుకోండి. తడిపిన ఇటుకలు ఆరాక తెల్లటి ఉప్పు పొర తేలితే వాటినీ ఆ కుప్పలోకే చేర్చండి.

మీ దగ్గరున్నవి సరిపోతాయో లేదో లెక్క చూద్దాం. గేటు నుంచి అరుగు దాకా ఇద్దరు పక్కపక్కన నడవాలి కాబట్టి నాలుగడుగుల వెడల్పు పెట్టండి. అది 80 చదరపు అడుగులు. పక్క సందులో మూడడుగులు చాలు, అది 90. మీ ఇటుక 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం అనుకుందాం. పాత ఇటుకలు కాబట్టి ఒకసారి టేపు పెట్టి కొలవండి. ఇటుకని పక్కకి తిప్పి, సన్నటి ముఖం పైకి వచ్చేలా పెడితే చదరపు అడుగుకి ఐదుకి పైగా పడతాయి. వెడల్పు ముఖం పైకి వచ్చేలా పడుకోబెడితే మూడున్నర చాలు. పక్కకి తిప్పి వేసిన దారి బలంగా ఉంటుంది. కాబట్టి గేటు నుంచి అరుగు దాకా అలా వేయించండి, సందులో పడుకోబెట్టండి. తరుగు పదోవంతు కలుపుకుంటే ముందు దారికి 470, సందుకి 350 పడతాయి. రెండు పక్కలా అంచుకి నిలువుగా పాతే ఇటుకలు ఇంకో 270. మొత్తం 1090. మీ 1500లో నాలుగో వంతు పోయినా 1125 మిగులుతాయి. చాలినన్ని ఉన్నట్టే.

ఇటుక మీద బట్టీ పేరుతో గుంట ఉంటే మాత్రం ఇంకో సంగతి ఆలోచించాలి. గుంట పైకి పెడితే అందులో నీళ్లు నిలిచి పాచి పడుతుంది. కిందికి పెడితే లోపల బోలుగా ఉండి బరువుకి విరుగుతుంది. అలాంటివన్నీ ముందు దారిలో పక్కకి తిప్పి వేసేయండి. గుంట లేనివి సందుకి ఉంచుకోండి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా నల్లరేగడే నిర్ణయిస్తుంది. నడి వేసవిలో నేల కుంచించుకుపోయి ఉన్నప్పుడు వేస్తే వానలకి మొత్తం లేస్తుంది. వానల్లో వేస్తే వేసవికి దిగుతుంది. వానలు వెనకబట్టి, నేల మరీ తడిగా, మరీ పొడిగా లేని రోజులు కావాలి. కార్తీకం చివర నుంచి సంక్రాంతి లోపు మీ ప్రాంతానికి సరైన సమయం. అప్పటిదాకా ఇటుకలు ఏరుకోవడం, శుభ్రం చేసుకోవడం నిదానంగా చేసుకోవచ్చు.

తవ్వకం గురించి మేస్త్రితో గట్టిగా మాట్లాడాలి. చాలామంది పైపైన గీకి ఇసుక పోసేస్తారు. దారి కుంగిపోవడానికి ముఖ్య కారణం అదే. నల్లరేగడిలో అడుగు లోతు తవ్వాల్సిందే. దారి వెడల్పు కంటే రెండు పక్కలా అరడుగు చొప్పున ఎక్కువ తవ్వాలి. తవ్విన మట్టిలో తుంగ గడ్డలు కనిపిస్తే ఒక్కొక్కటీ ఏరి పారేయించండి. ఒక్క గడ్డ మిగిలినా ఇటుకల సందుల్లోంచి మళ్లీ మొలుస్తుంది. నల్లమట్టిని మాత్రం బయటికి తోలించకండి. పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపితే పూలమొక్కల పాదులకి అంతకన్నా మంచి మట్టి దొరకదు.

గుంత అడుగు కూడా వాలుగా ఉండాలి. ఈ సంగతి చాలామంది మేస్త్రులు పట్టించుకోరు. ఇటుకల సందుల్లోంచి దిగిన నీళ్లు గ్రావెల్‌లోంచి కిందికి వెళ్తాయి. కింద ఉన్నది నల్లరేగడి, అది నీళ్లని త్వరగా పీల్చుకోదు. గుంత అడుగు మట్టంగా ఉంటే తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. అందుకని ముందు దారి అడుగు గేటు వైపుకి, సందు దారి అడుగు పెరటి వైపుకి వాల్చి, చివర నీళ్లు బయటికి పోయే వీలు ఉంచండి. పెరట్లో ఇంటికి దూరంగా ఇంకుడు గుంత ఉంటే దానికే కలపొచ్చు.

గుంతలో ముందు నాలుగు అంగుళాలు ఎర్ర గ్రావెల్ పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టించండి. దాని మీద డస్ట్ (రాతి పొడి) కలిపిన 20 మిల్లీమీటర్ల కంకర ఇంకో నాలుగు అంగుళాలు, మళ్లీ నీళ్లు, మళ్లీ దిమ్మిస. ఎనిమిది అంగుళాలూ ఒకేసారి పోసి పైన కొడితే కింద వదులుగానే ఉంటుంది. మడమతో గట్టిగా తొక్కినా గుర్తు పడకూడదు, అప్పుడే ఆపాలి. రెండూ కలిపి వదులుగా ఉన్నప్పుడు 180 ఘనపుటడుగుల దాకా పడుతుంది, మామూలుగా రెండు ట్రాక్టర్లు. ఖర్చు తగ్గిద్దామని దీంట్లో కోత పెట్టొద్దమ్మా. దొరికితే నల్లమట్టికీ గ్రావెల్‌కీ మధ్య జియో ఫ్యాబ్రిక్ గుడ్డ పరిపించండి. అది నీళ్లని పోనిచ్చి, మెత్తటి మట్టి గ్రావెల్‌లోకి రాకుండా ఆపుతుంది. దాని బదులు ప్లాస్టిక్ షీటు మాత్రం వద్దు, నీళ్లు నిలిచిపోతాయి. పెరట్లో లైటు పెట్టుకునే ఆలోచన ఉంటే గ్రావెల్ పోసేటప్పుడే అడ్డంగా ఒక పీవీసీ పైపు పాతి ఉంచండి. వైరు ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగొచ్చు.

తర్వాత అంచులు. ఇటుకల్ని నిలువుగా పాతి, బయటి వైపు కింది భాగంలో కాస్త కాంక్రీటు పెట్టించండి. దారి మొత్తంలో సిమెంటు పడే చోటు ఇదొక్కటే. అంచు లేకపోతే ఇసుక పక్కలకి జారి, ఏడాదిలో ఇటుకలు విడిపోతాయి.

ఇసుక ఒక్క అంగుళం చాలు. దొడ్డు ఇసుక గానీ రోబో ఇసుక (రాయి పొడి చేసిన ఇసుక) గానీ వాడాలి, ప్లాస్టరింగ్ ఇసుక వద్దు. మందం సమానంగా రావడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ముప్పావు అంగుళం ఇనప పైపులు (బయటి కొలత అంగుళం ఉంటుంది) రెండు తీసుకుని గ్రావెల్ మీద పొడవుగా పెట్టి, మధ్యలో ఇసుక పోసి, తిన్నటి చెక్కని పైపుల మీద ఆనించి లాగాలి. తర్వాత పైపులు తీసి ఆ గాడుల్ని ఇసుకతో పూడ్చాలి. సర్దిన ఇసుక మీద కాలు పెట్టకూడదు. వేసిన ఇటుకల మీద నిలబడి ముందుకి పేర్చుకుంటూ పోవాలి. అలవాటు కొద్దీ మేస్త్రి ఇటుకల్ని నీళ్లలో నానబెట్టబోతాడు. అది సిమెంటు పనికి. ఇసుక మీద వేసే ఇటుకకి అక్కర్లేదు.

వాలు మర్చిపోవద్దు. నాలుగడుగుల వెడల్పుకి ఒక అంగుళం, మూడడుగులకి ముప్పావు అంగుళం ఇంటి నుంచి బయటి వైపుకి వాలాలి. నడిచేటప్పుడు కాలికి తెలియదు, నీళ్లు మాత్రం నిలవవు. ఇటుకల పైభాగం మొక్కల మట్టి కంటే అంగుళం ఎత్తుగా, ఇంటి బేస్‌మెంట్ మట్టం కంటే కనీసం అరడుగు తక్కువగా ఉండాలి.

అల్లిక మీ ఇష్టం. చేత్తో పోసిన పాత ఇటుకలు అన్నీ ఒకే కొలతలో ఉండవు కాబట్టి, గోడ కట్టినట్టు ఒక వరస అతుకు మీద ఇంకో వరస మధ్య వచ్చేలా, దారికి అడ్డంగా పేర్పించడం సుఖం. చేపముల్లు అల్లిక అందంగా, గట్టిగా ఉంటుంది కానీ అంచుల దగ్గర ముక్కలు కోయాల్సి వస్తుంది. అందులో పాత ఇటుకలు చాలా వృథా అవుతాయి. రెండు అడ్డంగా, రెండు నిలువుగా పెట్టే బుట్ట అల్లిక కావాలంటే పొడవు సరిగ్గా వెడల్పుకి రెట్టింపు ఉండాలి. లేకపోతే సందులు పెద్దవవుతాయి. మీ ఇంట్లో ఆ సందులు ఉండకూడదు. అత్తయ్యగారి చేతికర్ర మొన వాటిల్లోనే ఇరుక్కుంటుంది. ఇటుకకీ ఇటుకకీ మధ్య పెన్సిల్ కూడా దిగకుండా బిగించి పేర్పించండి. పేర్చాక రబ్బరు సుత్తితో గానీ, చెక్క అడ్డం పెట్టి మామూలు సుత్తితో గానీ కొట్టి మట్టం చేయించండి. పాత ఇటుకల మీద దిమ్మిస కొట్టే మెషిన్ పెడితే పగిలే ప్రమాదం ఉంది. చివరికి బాగా ఎండిన సన్న ఇసుక పైన చల్లి, చీపురుతో అటూ ఇటూ ఊడ్చి సందులు నింపాలి. వారం తర్వాత ఇసుక దిగిపోతుంది, మళ్లీ చల్లాలి. మొదటి వానల తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత ఏడాదికోసారి చాలు.

గేటు దగ్గర మీరు ముగ్గు వేస్తారు కదా. ఈ సంగతి మేస్త్రులకి తట్టదు. కళ్లాపి రోజూ చల్లితే సందుల్లోని ఇసుక కొట్టుకుపోతుంది. అతుకుల మీద ముగ్గు గీత కూడా తిన్నగా రాదు. అందుకని గేటు లోపల మొదటి నాలుగడుగులు ఇటుకలు వదిలేసి పెద్ద నాపరాళ్లు వేయించండి. పల్నాడులో నాపరాయికి కొదవేముంది? పాలిష్ చేయనివి తీసుకోండి. ఆ మేరకు ఇటుకలూ మిగులుతాయి. పెరట్లో కుళాయి కింద కూడా అదే గరుకు నాపరాయి. ఎప్పుడూ తడిగా ఉండే చోట ఇటుక వేస్తే నెల తిరక్కుండా పాచి పట్టి తీరుతుంది.

పాచిని పెంచేవి నీడ, తడి, మట్టి. వీటిని ఎంత తగ్గిస్తే పాచి అంత తక్కువ పడుతుంది. సందులోకి పొద్దుటి ఎండ వస్తుందో లేదో చూసుకోండి. రాకపోతే దారి మీదికి వంగే కొమ్మలు కొట్టించి, ఆకులు రోజూ ఊడ్పించాలి. ఆకు కుళ్లితే అదే పాచికి ఎరువు. వానాకాలంలో వారానికోసారి గట్టి ఈనెల చీపురుతో రుద్దించండి. అప్పటికే పట్టేసి ఉంటే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో పల్చగా కలిపి పోసి, కాసేపాగి రుద్ది కడిగేయాలి. తులసికోట వైపు, మామిడి మొదటి వైపు ఆ నీళ్లు పారకుండా చూసుకోండి. బ్లీచింగ్ పౌడర్‌తో యాసిడ్ గానీ, బాత్రూం కడిగే ద్రావణం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఇటుకలు మెరవడానికి పైన పెయింట్‌లా పూసే కోటింగులు అమ్ముతారు. మీ ఇంట్లో అవి వద్దు, తడిస్తే మరింత జారుతాయి. తులసికోట దగ్గర దీపం నూనె ఒలికితే వెంటనే పొడి ఇసుకో బూడిదో చల్లి ఊడ్చేయండి. పాచి కంటే నూనె ఎక్కువ జారుతుంది.

మామిడి చెట్టు దగ్గర ఇప్పటిదాకా చెప్పిన కొలతలు వర్తించవు. మొదటికి ఐదారు అడుగుల దూరంగా దారిని ఒంపు తిప్పండి. కొమ్మల కింది భాగమంతా అడుగు లోతు తవ్వకూడదు. నాలుగు అంగుళాలే, అదీ గునపంతో కాకుండా చేతిపారతో తవ్వించండి. బొటనవేలు కంటే లావు వేరు కనిపిస్తే కోయొద్దు. అక్కడ దారినే కాస్త ఎత్తు చేసి వేరు మీదుగా తీసుకెళ్లండి. మెట్టు పెట్టకుండా, ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు పొడవు చొప్పున నిదానంగా ఎక్కించాలి. 82 ఏళ్ల మనిషికి చీకట్లో ఒక్క మెట్టయినా ప్రమాదమే. చెట్టు మొదలు చుట్టూ మట్టి తెరిచే ఉంచండి. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయించమని ఆదేశించింది, వేళ్లకి గాలి, నీళ్లు అందక చెట్లు దెబ్బతింటున్నాయని. మీ ఇసుక అతుకుల దారి వాటిని అడ్డుకోదు. కాంక్రీటు వద్దనడానికి నాకు ఇది కూడా ఒక కారణం. పూత సమయంలో తేనెమంచు పురుగు వదిలే జిగురు ఇటుకల మీద పడి నల్లగా మారుతుంది. ఆ నెల రోజులు ఆ ముక్క మాత్రం తరచుగా కడిగించండి.

సందు పొడవునా ప్రహరీ గోడకి నడుము ఎత్తున ఒక స్టీలు పైపు బిగించమని మేస్త్రితో చెప్పండి, పట్టుకుని నడవడానికి. అంచు ఇటుకలకి తెల్ల సున్నం పూస్తే మసక వెలుతురులో దారి ఎక్కడిదాకా ఉందో కనిపిస్తుంది. వానలకి పోతుంటే మళ్లీ పూసుకోవచ్చు.

తవ్వకం మొదలుపెట్టేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. దారి ఎక్కడ వేయాలనుకుంటున్నారో అక్కడ రేపు సాయంత్రం ముగ్గుపిండితో రెండు గీతలు గీయండి. తెల్లవారాక అత్తయ్యగారి వెనకాలే నడవండి. ఆవిడ పాదం ఎక్కడ పడుతోంది, ఎక్కడ ఆగి గోడ పట్టుకుంటున్నారు, తులసికోట చుట్టూ ఎటు నుంచి తిరుగుతున్నారు, గమనించండి. గీత దాటి నడిచిన చోటల్లా గీతనే జరపండి. నాలుగైదు రోజులు అలా చూశాక మేస్త్రిని పిలిచి, ఆ గీతల వెంబడే కొలతలు తీసుకోమనండి.